మైకు తీసుకున్న చెయ్యి

చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు.

ఆ చప్పుడులోనే ఊరు నిద్ర లేస్తుంది. ఆ చప్పుడులోనే పొయ్యి వెలిగిస్తుంది, పిల్లలకి జడలు వేస్తుంది, బస్సు కోసం రోడ్డెక్కుతుంది. ఓడలరేవు దారిలో, కొబ్బరితోటలు పలచబడి ఉప్పుగాలి మొదలయ్యేచోట ఉందా ఊరు. ఒకప్పుడు చుట్టూ వరిచేలు. ఇప్పుడు చుట్టూ రొయ్యల చెరువులు, రొయ్యలకి గాలి అందించే కరెంటు చక్రాలు.

సముద్రం అక్కడే ఉంది. కానీ వినిపించదు.

కరెంటు పోతేనే వినిపిస్తుంది.

నాగదుర్గాప్రసాద్ చనిపోయిన రోజు, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఊరంతటికీ సముద్రం వినిపించింది.

వాన కురుస్తున్న రోజు. చెరువు కాపలా అతని పని. చక్రానికి నాచు చుట్టుకుందని నీళ్ళలోకి దిగాడు. గట్టు మీద నేలబారుగా పడేసిన కరెంటు తీగ... తడిసి ఉంది. అంతే. గుండె ఆగి పోయాడని చెరువు వాళ్ళు చెప్పారు. పాతికేళ్ళ గుండె.

ఝాన్సీ బడి నుంచి పరుగెత్తుకొచ్చింది. ఊరి చివర దళితపేటలో పుట్టి, డిగ్రీ చదివి, ఆ ఊరి కాన్వెంటులోనే పాఠాలు చెబుతున్న పిల్ల. పదో తరగతి దాకా ప్రసాద్, తను ఒకే క్లాసు. అతను లెక్కల్లో చురుకు. ఆమెకి లెక్కలంటే భయం. అతని పుస్తకం చూసి ఎన్నిసార్లు రాసుకుందో...

ఇప్పుడు అతను గట్టు మీద, కొబ్బరాకుల కింద.

పక్కన వాళ్ళమ్మ పాపాయమ్మ. పల్లెపాలెంలో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఆమె ఏడవడం లేదు. కొడుకు పాదాలకి అంటిన బురద కొంగుతో తుడుస్తోంది. వాన మళ్ళీ తడుపుతోంది. ఆమె మళ్ళీ తుడుస్తోంది.

అప్పుడు వచ్చాడు రవికుమార్. పేట నుంచి మొట్టమొదట నల్లకోటు తొడుక్కున్నవాడు, అమలాపురం కోర్టులో ప్లీడరు. కోటుతోనే వచ్చాడు. కోటుతోనే బురదలో పాపాయమ్మ పక్కన కూర్చున్నాడు. కేకలు వేయలేదు. “యజమాని వచ్చి నిజం చెప్పేదాకా అబ్బాయిని ఇక్కణ్ణించి కదపమండి” అన్నాడు. సాయంత్రం దాకా లేవలేదు. నీళ్ళు కూడా తాగలేదు.

యజమాని వచ్చాడు. నిజం చెప్పాడు.

ఆ రోజు ఝాన్సీ మనసులో ఒక దీపం వెలిగింది. ఇతను — అనుకుంది. మనకి కావలసింది ఇతను.

*

ఆ ఊళ్ళో ఎవరూ సర్పంచ్ అనరు. ప్రెసిడెంటు గారు అంటారు.

ఆ ఏడు ప్రెసిడెంటు పదవి పేట వాళ్ళకి రిజర్వు అయింది. చెరువుల వాళ్ళు తమ మాట వినే మనిషినొకణ్ణి నిలబెట్టారు. ఇవతల రవికుమార్ నిలబడ్డాడు. ఉంగరం గుర్తు.

ఝాన్సీ బడికి సెలవు పెట్టేసింది.

వీధులన్నీ తిరిగింది. గడప గడపా ఎక్కింది. తీగలు స్తంభాలెక్కాలి అంది. తాగేనీళ్ళలోంచి ఉప్పు పోవాలి అంది. ఆమె గొంతు చిన్నది — కానీ మైకులో పడితే కొబ్బరితోటల చివరిదాకా వెళ్ళేది. “నీ గొంతే నా బలం చెల్లెమ్మా” అనేవాడు రవికుమార్. ఆ మాటకి ఆకలి కూడా గుర్తొచ్చేది కాదు ఆమెకి.

ఉప్పుగాలి. ఎర్రటి ఎండ. ఆమె గొంతు.

ఇంట్లో వాళ్ళమ్మ పుష్పలత రోజూ ప్రార్థన చేసేది. “మీ తాత ఆ పంచాయితీ అరుగు కింద నిలబడి మాట్లాడేవారే. పైకి రమ్మన్నవాళ్ళు లేరు. ఆ కుర్చీలో మన పిల్లాడు కూర్చుంటే చూడాలే” అనేది.

ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. రవికుమార్ నవ్వుతున్నాడు. అతని వెనక, అంతే పెద్దగా, ప్రసాద్. ఆ ఫోటో ఝాన్సీ ఇచ్చిందే... పదో తరగతిలో అందరూ కలిసి దిగినది. మిగతావాళ్ళని కత్తిరించేసి అతణ్ణి ఒక్కణ్ణే పెద్దది చేశారు. భుజం మీద ఎవరిదో చెయ్యి మాత్రం మిగిలిపోయింది. ఎవరిదో తెలియని చెయ్యి.

ఝాన్సీ దాన్ని చూసింది. చూసి, చూడనట్టు పక్కకి తిరిగింది.

*

పెద్ద సభకి పాపాయమ్మని తీసుకురమ్మన్నాడు రవికుమార్. ఆవిడ వస్తే ఊరు కదులుతుందన్నాడు.

ఝాన్సీ పల్లెపాలెం వెళ్ళింది.

“నేనేం మాట్లాడతానమ్మా? వాడి పేరెత్తితే నాకు మాట రాదు” అంది పాపాయమ్మ.

“మాట్లాడక్కర్లేదు పిన్నీ. పక్కన నిలబడితే చాలు.”

పాపాయమ్మ ఆమె ముఖంలోకి చూసింది. “నువ్వు చెప్పేవు కాబట్టి వస్తానమ్మా” అంది.

సభ. జనం. ట్రాక్టరు తొట్టె మీద వేదిక. సముద్రం మీంచి వీస్తున్న గాలికి ఫ్లెక్సీ ఊగుతోంది — ప్రసాద్ ఊపిరి తీసుకుంటున్నట్టు.

నిలబడితే చాలని తీసుకొచ్చిన మనిషి చేతిలో ఎవరో మైకు పెట్టారు.

పాపాయమ్మ దాన్ని చూసింది. జనాన్ని చూసింది. నెమ్మదిగా మొదలుపెట్టింది.

“ఆ రోజు మావాడు అన్నం తినకుండా వెళ్ళేడండి. రాత్రి కూర ఉంది. చద్దన్నం ఉంది. నేను లేచేసరికి వాన పడతందండి. చేపలు తడిసిపోతన్నాయని పరదా కప్పడానికి వెళ్ళేను. వాడు కూడా వచ్చి ఓ కొస పట్టుకున్నాడు. ఆ పరదాకి చిల్లుందండి...”

ఏడవలేదు. పొరుగింటావిడతో చెప్పినట్టు చెబుతోంది. చిల్లు గురించి. దాన్ని కుట్టిన సూది గురించి. జనం ముందు నిశ్శబ్దంగా ఉన్నారు. తర్వాత కదిలారు. వెనక ఎవరో దగ్గారు. ఎవరో ఫోను చూసుకున్నారు.

పాపాయమ్మకి అవేవీ కనిపించడం లేదు. ఆమె ఆ ఉదయంలో ఉంది. కొడుకు ఇంకా బతికే ఉన్న ఉదయంలో.

రవికుమార్ ఝాన్సీ వైపు వంగాడు. మెల్లగా అన్నాడు —

“ఏడవట్లేదమ్మా ఆవిడ. జనం జారిపోతన్నారు. మైకు తీసుకో.”

తీసుకుంది.

ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. మాట మధ్యలో ఉండగా, పాపాయమ్మ వేళ్ళలోంచి మైకు లాగి — “నాగదుర్గాప్రసాద్‌కి జోహార్” అంది ఝాన్సీ.

జనం అందుకున్నారు. జోహార్. జోహార్. సభ లేచి నిలబడింది.

పాపాయమ్మ పెదవులు ఇంకా కదులుతున్నాయి. తర్వాత ఆగిపోయాయి. ఖాళీ అయిన తన చేతిని ఒకసారి చూసుకుంది. కొంగుతో తుడుచుకుంది.

*

తెల్లవారి ఝాన్సీ రవికుమార్ ఇంటికి వెళ్ళింది. వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు. రాత్రి సభ బాగా జరిగిందన్నాడు. కూర్చోమన్నాడు.

ఆమె కూర్చోలేదు.

“నేనింక ప్రచారానికి రానన్నయ్యా.”

అతను గ్లాసు కింద పెట్టాడు. కోపపడలేదు. కోపపడి ఉంటే ఆమెకి తేలికయ్యేది.

“వాళ్ళు గెలిస్తే ఆ తీగలు అక్కడే ఉంటాయి. ఇంకో పిల్లాడు పోతాడు. నీకు తెలీదా?”

“తెలుసండి.”

“ఆ రోజు బురదలో ఆవిడ పక్కన ఎవరు కూర్చున్నారు ఝాన్సీ?”

“మీరేనండి.”

“మరి?”

ఝాన్సీ గుమ్మం పట్టుకుంది.

“ఆ రోజు మీరు ఆవిణ్ణి ఏడవమనలేదన్నయ్యా. నిన్న అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఏడిస్తే బాగుణ్ణని... నేనూ అనుకున్నాను.”

టీ చల్లారిపోయింది.

దీపం ఆరిపోయిందని కాదు. దాని వెలుగులో తన చెయ్యి కనిపించింది ఆమెకి.

ఇంట్లో పుష్పలత రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. మూడో రోజు కంచం ముందు పెడుతూ, “మనవాడు ఓడిపోతే ఆ పాపం నీదేనే” అంది. ఝాన్సీ తలెత్తలేదు. వీధిలో ఆటోలోంచి రికార్డు చేసిన ఆమె గొంతే వినిపిస్తోంది... ఉంగరం గుర్తు, ఉంగరం గుర్తు. ఆ గొంతు ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపడం ఆమె చేతిలో లేదు.

పోలింగు రోజున బడి దగ్గర వరసలో పాపాయమ్మ ఆమె వెనక నిలబడింది.

“ఎవరికి వెయ్యమంటావమ్మా?”

చుట్టూ తలలు తిరిగాయి.

“నేను చెప్పను పిన్నీ. మీ ఇష్టం.”

పాపాయమ్మ తలూపింది. ఎందుకో చిన్నగా నవ్వినట్టనిపించింది. ఆ నవ్వు క్షమించడమో, కాదో.

లోపలికి వెళ్ళి ఝాన్సీ ఉంగరం మీదే ముద్ర వేసింది. ఓటు ఇవ్వగలిగింది. గొంతు ఇవ్వలేకపోయింది.

*

రవికుమార్ గెలిచాడు. కొద్ది ఓట్లతో గెలిచాడు.

ఊరేగింపు పేట దాటి పల్లెపాలెం దాకా వెళ్ళింది. పుష్పలత వీధిలో నిలబడి కళ్ళొత్తుకుంది. ఆ కన్నీళ్ళు నిజమైనవి. ఝాన్సీకి అవి చూస్తే సంతోషమే కలిగింది. బెంగా కలిగింది. రెండూ ఒకే గుండెలో, ఒకదాన్నొకటి తోసుకుంటూ...

ఎండలు ముదిరేసరికి చెరువు గట్ల మీద స్తంభాలు దిగాయి. తీగలు పైకెక్కాయి. అతను అన్న మాట నిలబెట్టుకున్నాడు.

ఝాన్సీ మళ్ళీ బడికి వెళుతోంది. ఆదివారాలు ప్రార్థన గుడి నుంచి తిన్నగా పల్లెపాలెం వెళుతోంది. ఎందుకని పాపాయమ్మ అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇసుక మీద పరిచిన నెత్తళ్ళ చేపల దగ్గర ఇద్దరూ కూర్చుంటారు. పాపాయమ్మ కొన్నిసార్లు మాట్లాడుతుంది. కొన్నిసార్లు మాట్లాడదు.

అలాంటి ఒక ఆదివారం రవికుమార్ వచ్చాడు. ఒక్కడే. వెనక మనుషులు లేరు, ఫోనులెత్తి ఫోటోలు తీసేవాళ్ళు లేరు. దడి అవతల చెప్పులు విప్పి నిలబడ్డాడు.

“పిన్నిగారూ, స్తంభాల పని పూర్తయిందండి. ఎల్లుండి కరెంటు ఇస్తన్నాం. మీ చేత్తో స్విచ్చి వేయిద్దామని... మీకు ఇష్టమైతేనేనండి. వద్దంటే వద్దు.”

ఝాన్సీ అతని ముఖంలోకి చూసింది. అతను నిజంగా మారాడా? లేక అడగడమే మారిందా? ఆ ముఖంలో బురదలో కూర్చున్న మనిషి ఉన్నాడు. తన వైపు వంగి గుసగుసలాడిన మనిషీ ఉన్నాడు. ఎవరు ఎక్కువో చెప్పలేకపోయింది.

అతను కూడా ఆమె వైపు చూశాడు. నువ్వైనా చెప్పు అన్నట్టు.

ఆమె చెప్పలేదు.

“ఆలోచించి చెప్తానండి” అంది పాపాయమ్మ.

“ఆయ్. అలాగేనండి.”

అన్నాడే గానీ కదల్లేదు. ఎండ అతని నెత్తిన పడుతోంది. ప్రెసిడెంటు గారు దడి బయట చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నారు.

పాపాయమ్మకి తొందర లేదు. దోసిళ్ళతో చేపలు ఎత్తి, తిరగేసి, మళ్ళీ ఎండలో పరుస్తోంది. ఒకవైపు ఎండినవి. ఇంకొకవైపు ఇంకా తడిగా, వెండిలా మెరుస్తున్నవి.

ఝాన్సీ ఆమె పక్కన ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది. రెండు చేతులూ చాపింది.

తనూ తిరగేయడం మొదలుపెట్టింది.