రెండో బిళ్ళ

నవంబరు పద్నాలుగు, మంగళవారం, ఉదయం పది గంటలకు సానపట్టే షెడ్డులో విచారణ మొదలైంది. హాజరైనవారు నలుగురు: కర్మాగారం మేనేజరు, ముప్పై ఏళ్ళుగా ఫర్నేస్ చూస్తున్న మేస్త్రీ, పరీక్షల గది బాధ్యత వహించే అతని భార్య, సాన యంత్రం నడిపే ఆమె తమ్ముడు. తమ్ముడి కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. ఆ కట్టులో మిగిలినవి మూడు వేళ్ళే.

ఐదు రోజుల క్రితం అతడు సానపడుతున్న గ్లాస్-సెరామిక్ బిళ్ళ పేలిపోయింది. కంప్యూటరు చిప్స్ తయారుచేసే యంత్రాల్లో అద్దంగా అమరవలసిన బిళ్ళ అది. తేనెరంగుది, బండి చక్రమంత వెడల్పుది. ఎంత వేడికీ వెంట్రుకవాసి కూడా సాగకపోవడమే దాని విలువ. అదే విడతలో కాలినవి మరో మూడు ఉన్నాయి. రెండు గోదాములో, ఒకటి ఇప్పుడు వాళ్ళ నడుమ చెక్కబల్ల మీద. మధ్యాహ్నం దాన్ని వేరొక పనివాడు సానకెక్కించాలి. అందుకు పరీక్షల గది సంతకం కావాలి.

మేనేజరు కాగితం చదివాడు. "యంత్రమును అధికముగా అదిమినందున బిళ్ళ పగిలినది. లోపము పనివానిది."

"అదిమానా?" అన్నాడు తమ్ముడు. "పసిపిల్ల తల దువ్వినట్టు పట్టాను."

"నీ దువ్వుడు నాకు తెలియదా బావమరిదీ," అన్నాడు మేస్త్రీ. "సైకిలుకి గాలి కొడితే ట్యూబు పేలేది నీ చేతిలోనే కదా."

"ఎన్ని గంటలు కాల్చావు బావా? అదొక్కటి చెప్పు."

"రాసి ఉన్నన్ని."

మేనేజరు తన ముందుకు జరిపిన కాగితాన్ని మేస్త్రీ భార్య వెనక్కి నెట్టింది. "నేను సంతకం పెట్టను. లోపలి బిగువును బయటపెట్టే కాంతిపలకల మధ్య పెట్టి చూశాను. బిగువు లేని బిళ్ళ నల్లగా కనిపించాలి. ఇది నడుమంతా తెల్లగా మండుతోంది."

మేస్త్రీ గ్యాసు మంట తెచ్చి, బిళ్ళ అంచు మీద చెయ్యి పెట్టలేనంతగా కాల్చి, దాని మీద బకెట్టెడు మంచునీళ్ళు కుమ్మరించాడు. ఆవిరి కమ్మింది. బిళ్ళకు గీత కూడా పడలేదు. కొత్తగా వచ్చిన ప్రతి పనివాడికీ అతడు చూపించే విద్య అదే. అందులో అతనికి నిజంగానే నమ్మకం.

"పగిలే సరుకైతే ఇప్పుడే పగలాలి."

"సాగదు కాబట్టి నీళ్ళకు పగలదండీ," అంది భార్య. "లోపల లాగుతున్నదాన్ని పైపొర నొక్కిపట్టి ఉంచింది. ఆ పొర తెగితే ఆగదు. సాన చేసేది పొర కొయ్యడమేగా."

మేస్త్రీ విననట్టే తడిసిన బిళ్ళ మీద చేత్తో చరిచాడు. "రా, నువ్వూ చెయ్యి వేసి చూడు. కుడిది పాడైతేనేం, ఎడమచేతికి అయిదూ ఉన్నాయిగా."

తమ్ముడి ఎడమ పిడికిలి అతని ముక్కు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. మేస్త్రీ రక్తం మింగుతూనే ఆ కట్టుచేతిని దొరకబుచ్చుకొని బల్ల అంచుకేసి రెండుసార్లు బాదాడు. కుట్లు తెగి కట్టు ఎర్రబడింది. తమ్ముడు తలతో అతని నోటిని పొడిచాడు. పంటి ముక్క నేల మీద రాలింది. అక్క తమ్ముడి నడుము పట్టుకుంది. అతడు ఆమెను విదిలించికొట్టి, యంత్రం పక్కనున్న ఇనప రెంచీ అందుకొని బావ తల మీదికి విసురుగా దించాడు.

మేస్త్రీ పక్కకు వాలాడు. రెంచీ మూల బిళ్ళలో దిగింది.

బిళ్ళ పిడుగు పడినట్టు పేలింది. రేకు కప్పు అంతటా ముక్కలు మోగాయి. అరచేయంత ముక్క ఒకటి మేస్త్రీ తొడను చీల్చుకుంటూ పోయి గోడకు తగిలింది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం ఎగజిమ్ముతోంది. మేనేజరు తలుపు దగ్గర గోడకు అతుక్కుపోయి అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

అక్క తన కోటు బెల్టు లాగి తొడకు బిగించింది. తమ్ముడు రెంచీ పారేసి మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ గాయంలో కుక్కాడు. ఏ రక్తం ఎవరిదో తెలియలేదు.

"వదిలెయ్యి," అన్నాడు మేస్త్రీ. "నన్ను చంపడానికేగా వచ్చావు."

"చచ్చాక చెప్పలేవుగా. ఎన్ని గంటలు?"

మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. "నలభై తగ్గించాను. లోపల స్ఫటికాలు పుట్టేటప్పుడు వాటంతట అవే వేడెక్కుతాయి. ఆ వేడి చల్లారేదాకా ఆగాలి. గేటు దగ్గర లారీ ఆగి ఉందని మేనేజరు గారు గంటకోసారి వచ్చారు. రంగు చూశాను, సరిపోయిందనుకున్నాను. ఫర్నేస్ గంటలు నమోదైన చార్టు చించేశాను."

భార్య మేనేజరు చదివిన కాగితాన్నే తిరగేసి, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసింది.

"సంతకం పెడితే నా పని పోతుందే," అన్నాడు మేస్త్రీ.

"పెట్టకపోతే గోదాములోని రెండూ సానకెక్కుతాయి. వాటి ముందు నిలబడేవాడికి కూడా అక్కలు ఉంటారండీ."

అతడు కలం అందుకున్నాడు. మొదటి అక్షరం తడికి చెదిరింది. దాని పక్కనే మళ్ళీ రాశాడు.

"సాక్షిగా మీరు," అందామె మేనేజరుతో.

"అందులో నా ప్రస్తావన వద్దమ్మా. అది కొట్టేస్తే పెడతాను."

తమ్ముడు గాయం మీది నుంచి చేతులు తియ్యకుండానే తలెత్తాడు. "పెట్టండి సార్. మీకోసం ఒక చెయ్యి ఖాళీ చేసుకోవాలని నాకు లేదు."

మేనేజరు సంతకం చేశాడు. ఆమె చివర తేదీ వేసి తానూ సంతకం పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో ఉంచి గుండీ పెట్టుకుంది.