మధ్యాహ్నం దీపాలు వేసుకున్న కాలనీ

"డాక్టర్ దగ్గర అన్నీ చెప్పేయకు. అడిగినదానికి జవాబు చెప్తే చాలు," అన్నాడు చక్రధర్, లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండానే. సత్యవాణి పెనం మీద అట్టు తిరగేసింది. కూతురు స్పందనకి డబ్బా సర్దాలి, అతని చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. ఆ తర్వాతే, రొమ్ములో తగిలిన గడ్డ గురించి భయపడటానికి తీరిక.

అన్నీ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. పదిహేనేళ్ల కిందట కువైట్‌లో యుద్ధం ఆగగానే కంపెనీ నాన్నని మళ్లీ నూనె బావుల దగ్గరికి పిలిచింది. అమ్మ వసుంధరతో పాటు పద్నాలుగేళ్ల సత్యవాణి కూడా వెళ్లింది. ఇరాక్ సైనికులు పోతూ పోతూ అంటించిన బావులు నెలల తరబడి మండాయి. కాలనీలో మధ్యాహ్నం పూటే దీపాలు వేసుకునేవాళ్లు. తెల్లపిల్లులు కూడా నల్లగా తిరిగేవి. ఆ కాలనీ ఆడవాళ్లు ఇప్పుడు ఒక్కొక్కరే పోతున్నారు. ముందు అమ్మ, తర్వాత పక్కింటి ఆంటీలిద్దరూ. పోయిన నెల ఆ కాలనీలోనే పెరిగిన చిన్నప్పటి స్నేహితురాలు సరోజిని ఫోన్ చేసి, "నాకూ వచ్చిందే వాణీ," అంది. అప్పట్నుంచి స్నానం చేస్తుంటే సత్యవాణి చెయ్యి దానంతటదే వెతుక్కునేది. చివరికి దొరికింది.

"మీ అమ్మ జబ్బు సంగతి ఎక్కడా ఎత్తకమ్మా. రేపు పిల్లకి సంబంధాలు రావద్దూ?" అన్నారు అత్తగారు తారాదేవి ఫోన్‌లో. పిల్లకి నాలుగేళ్లు.

సింగపూర్‌లో వాళ్లుండే జురాంగ్ ఈస్ట్‌లోని క్లినిక్‌లో డాక్టరమ్మ అడిగింది, "ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా?"

"లేదు," అన్నాడు చక్రధర్.

"మా అమ్మకి," అంది సత్యవాణి. కాలనీ గురించీ చెప్పింది.

"పొగ వల్లేనని గట్టిగా చెప్పలేం," అంది డాక్టరమ్మ. "అమ్మగారు ఆ బావుల దగ్గర పనిచేసేవారా?"

"అబ్బే, హౌస్‌వైఫ్. ఊరికే ఇంట్లో ఉండేవారు," చక్రధర్ నవ్వాడు.

ఊరికే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి వచ్చిన సత్యవాణిని కూడా అతను స్నేహితులకి ఆ మాటతోనే పరిచయం చేస్తాడు.

"పనిచేసేది, డాక్టర్. నాన్న బావుల దగ్గర్నుంచి వేసుకొచ్చిన బట్టలు రోజూ అమ్మే ఉతికేది. మసికి సబ్బు చాలకపోతే కిరసనాయిలు పోసి రుద్దేది. పక్కింటి ఆంటీలూ అంతే. వాళ్లెవరూ బావుల మొహం కూడా చూడలేదు."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఆ బట్టలు ఇంకెవరైనా ముట్టుకునేవారా?"

చక్రధర్ వద్దన్నట్టు మోచేత్తో తాకాడు. సత్యవాణి కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంది.

"తడిస్తే చాలా బరువుండేవి. పిండేటప్పుడు ఒక కొస అమ్మ పట్టుకునేది," అంది. "రెండో కొస నేను."