అద్దం మీద లేని బొట్టు

నేను ఫిజిక్స్ లెక్చరర్ని. నల్గొండలో ఒక జూనియర్ కాలేజీలో పదిహేడేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఎదుటివాడు ఇక చాలని దండం పెట్టేదాకా వివరించడం నాకు వృత్తి, వ్యసనం కూడా. ఎలక్ట్రిక్ కారు కొన్న కొత్తలో నా బాధ పడలేక స్టాఫ్ రూములో ఇద్దరు ముగ్గురు టీ తాగడానికి రావడమే మానేశారు. ముందు అద్దం వెనక, పైభాగంలో కెమెరా ఉంటుందనీ, బంపర్లో రాడార్ ఉంటుందనీ, మనిషో బర్రో అడ్డం వస్తే మనం తొక్కకపోయినా బండే బ్రేకు వేసుకుంటుందనీ, గీత దాటబోతే స్టీరింగు తనే సర్దుకుంటుందనీ కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నా బావమరిది వీరేశం ఒకరోజు అంతా విని, "మరి నువ్వెందుకు బావా అండ్ల? దిష్టికి కట్టిన నిమ్మకాయ లెక్కనా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

కారుకు పూజ చేసిన రోజు ఇంట్లో చిన్న గొడవ జరిగింది. బండికి బొట్టు ఎవరు పెట్టాలన్నదే గొడవ. మా అక్క పుల్లమ్మే పెట్టాలని నేను పట్టుబట్టాను.

అక్కకు ఇరవై నాలుగేళ్లప్పుడు మా బావ పొలంలో మోటరు స్టార్టరు ముట్టుకుని కరెంటు షాకుతో పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటికి వచ్చింది. అప్పటికే మా నాయిన మంచాన పడ్డాడు. నాట్లకు పోయి, పత్తి ఏరి, నన్ను పీజీ దాకా చదివించింది ఆమే. అంత చేసిన మనిషిని నా పెళ్లిలో పందిరి కిందికి రానివ్వలేదు. భర్త లేని మనిషి చెయ్యి శుభానికి పనికిరాదట. వెనక వంటల దగ్గర గంజులు కడుగుతూ ఉండిపోయింది. నేను పెద్దల ముందు తలవంచుకుని కూర్చున్నాను. ఆ కోపం ఇన్నేళ్లుగా కడుపులోనే ఉంది. అందుకే నా ఇల్లంటూ ఏర్పడ్డాక, ఏ ముఖ్యమైన పనికి బయలుదేరినా అక్కను ఎదురు రమ్మనేవాడిని. మా అమ్మాయి నిహారిక పరీక్షలకు పోయేటప్పుడు కూడా అంతే. మొదట్లో అక్క భయపడేది. తర్వాత తర్వాత నేను చెప్పులు వేసుకోకముందే గేటు బయట నిలబడి ఉండేది.

ముత్తైదువ చేత పెట్టిస్తే మంచిది కదా అని మా అత్తగారు నసిగింది. అక్క చెయ్యి తగలకపోతే ఈ బండి తిరిగి షోరూముకే పోతుందని గట్టిగా అన్నాను. అక్క బెరుకుగానే బానెట్ మీద బొట్టు పెట్టింది. అద్దం పైన ఉన్నదేమిటని నిహారికను అడిగింది. అది బండి కన్ను అత్తమ్మా అని పిల్ల చెప్పేసరికి, కంటికి దిష్టి తగలకూడదని సరిగ్గా దాని ముందరే ఇంకో బొట్టు పెట్టింది. స్టార్ట్ చేయగానే కెమెరాకు ఏదో అడ్డం ఉందని తెర మీద వచ్చింది. నేను నవ్వుతూ తుడిచి సంగతి చెప్పాను. అక్క నాలుక కరుచుకుంది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం బానెట్ మీదే పెట్టింది. అద్దం జోలికి మళ్లీ పోలేదు.

పోయిన నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం, మా కాలేజీ సారు కూతురి పెళ్లి విందుకని దేవరకొండ వైపు బయలుదేరాను. నిహారికకు జ్వరం, అందుకని నా భార్య స్నేహలత ఇంట్లోనే ఉండిపోయింది. కారులో నేనొక్కడినే. వానాకాలం వడ్లు అప్పుడే కోసి ఉన్నారు. ఆరబోసుకోవడానికి జాగా ఎక్కడిది, రోడ్డునే సగం దాకా ఆక్రమించి, వడ్ల అంచు పొడవునా రాళ్లు పేర్చారు. అక్కడక్కడా టార్పాలిన్లు కప్పిన కుప్పలు ఉన్నాయి.

ఆ రోడ్డు నా బండికి అర్థం కాలేదు. వడ్ల అంచును గీత అనుకుని స్టీరింగును పక్కకు లాగుతోంది. కుప్ప కనిపించినప్పుడల్లా కీచుమని మొత్తుకుని టక్కున బ్రేకు వేస్తోంది. మూడోసారి వేసినప్పుడు వెనకాల వస్తున్న ట్రాక్టరు నన్ను గుద్దినంత పని చేసింది. డ్రైవరు నలుగురూ వినేలా తిట్టాడు. నాకు కోపం నెత్తికెక్కింది. బండి నడుపుతూనే తెర మీద వెతికి, తనంతట తాను బ్రేకు వేసుకునే ఏర్పాటును బంద్ పెట్టాను. నిజంగానే తీసేయాలా అని అడిగింది. తీసెయ్ అని నొక్కాను. కాస్త దూరం పోయాక స్టీరింగు లాగడాన్ని కూడా తీసేద్దామని మళ్లీ తెర వైపు తల తిప్పాను. ఎదురెండ కళ్లలో కొడుతోంది. నాలుగు నెలలుగా బండే ఆగుతూ ఉండటంతో నా కాలు కూడా బద్ధకం నేర్చింది.

సైదులు అనే రైతు తన కుప్ప మీద టార్పాలిన్ కప్పుతూ, అంచు పట్టుకుని వెనక్కి అడుగులు వేస్తూ రోడ్డు మీదికి వచ్చాడు. నేను మళ్లీ రోడ్డు వైపు తల తిప్పేసరికి అతని వీపు అద్దానికి ఎదురుగా ఉంది.

నేనే ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి నల్గొండ దవాఖానకు తెచ్చాను. అతని భార్య బిక్షమ్మ దారి పొడవునా అతని తల ఒళ్లో పెట్టుకుని, కూర్చుంది. ఎడమకాలి ఎముక మోకాలి కింద నుజ్జయింది. రెండు రోజులు చూసి కాలు తీసేశారు.

గుద్దిన ఆ సాయంత్రమే మా వాళ్లంతా దవాఖానకు వచ్చారు. సైదులు ఊరివాళ్లు పదిమంది దాకా వరండాలో నిలబడి ఉన్నారు. నా చొక్కా నిండా రక్తం. వాళ్లందరి ముందు వీరేశం, పాపం అతను ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"బండే బ్రేకు ఏస్కుంటదంటివి గద బావా. మరెందుకు ఏస్కోలే?"

అందరి కళ్లూ నా మీద ఉన్నాయి. నేను బంద్ పెట్టానని చెప్పాలి. తెర చూస్తూ నడిపానని చెప్పాలి. నా నోట్లోంచి వచ్చింది వేరే.

"పొద్దుగాల అక్క బొట్టు పెట్టింది. ఆ కుంకుమ గాలికి లేసి అద్దానికి అంటుకున్నది, కెమెరా ముందట. గందుకే బండికి మనిషి కనపడలే."

గాలి ఎటు నుంచి వీచిందో కూడా చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్లు తలలు ఊపారు. ఆ సాయంత్రం తడిగుడ్డతో అద్దం తుడిచి బయలుదేరింది నేనే. దాని మీద చిన్న మరక కూడా లేదు. అక్క నా వెనకే నిలబడి ఉందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

అక్క చేతిలోని టిఫిన్ డబ్బా బెంచీ మీద పెట్టి, ఆ చేతిని కొంగు కింద దాచుకుంది.

పోలీసులకు కుంకుమతో పని లేదు. బండి నడిపింది నేను కాబట్టి కేసు నా మీద రాశారు. చట్టానికి తప్పు ఎవరిదో తెలిసింది. మా ఇంట్లో మాత్రం అది అక్క మీదికి పోయింది. మా అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. ఆమె అనాల్సింది ఆమె కంటే బాగా నేనే అనేశాను.

మర్నాటి నుంచి అక్క ఎదురు రావడం మానేసింది. మానేయడమే కాదు, మేం బయలుదేరే వేళకు వెనక గదిలోకి పోయి, గేటు మూసిన చప్పుడు వినిపించేదాకా బయటికి వచ్చేది కాదు. అర్ధసంవత్సర పరీక్షల మొదటి రోజున నిహారిక జడ వేయమని దువ్వెన పట్టుకుని వెళితే, ఇయ్యాల మీ అమ్మతో వేయించుకోమని పంపేసింది. పిల్ల దువ్వెన పట్టుకుని నా వంక చూసింది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. ఎంత సిగ్గులేని మనిషినో ఆ పొద్దున నాకు బాగా తెలిసింది.

వారానికి రెండుసార్లు అక్క బస్సెక్కి సైదులు ఊరికి పోయేది. వాళ్ల ఇల్లూడ్చి, బట్టలుతికి, వంట చేసి వచ్చేది. తన చేతి వల్లే ఇదంతా జరిగిందని బిక్షమ్మ కాళ్లు పట్టుకుని చెప్పిందట. బిక్షమ్మ మొదట తిట్టింది, తర్వాత ఏడ్చింది, చివరికి అలవాటు పడింది. యాసంగికి నారు పోసే రోజు అక్క సాయం పోతే, అన్ని పనులూ చేయించుకుని, విత్తనపు మూట మాత్రం ముట్టుకోవద్దన్నదట. ఆ సంగతి అక్క మాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది. అందులో తనకు బాధ ఏమీ లేనట్టు, బిక్షమ్మ అన్నది న్యాయమే అన్నట్టు చెప్పింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సర్వీసు సెంటర్ వాళ్లిచ్చిన కాయితం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. ఆటోమేటిక్ బ్రేకు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు డ్రైవరు బంద్ పెట్టాడో, కెమెరా ఏ అడ్డూ లేకుండా పనిచేస్తూ ఉందో, అంతా అందులో ఉంది. అక్క పెరట్లో పీట మీద కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. ఆమె ముందు నేల మీదే కూర్చున్నాను.

"అక్కా, ఆ దినం అద్దం మీద కుంకుమ లేకుండె. బ్రేకు నేనే బంద్ చేసిన. రోడ్డు జూడకుండ నడిపిన. దవాఖానల నేను చెప్పింది అబద్ధం. నీ చేతికి ఏం సంబంధం లేదు."

రెండు నెలలుగా దాచుకున్న మాటలు అవి. చెప్పేటప్పుడు నిజంగానే ఏడ్చాను. అక్క చాట పక్కన పెట్టింది. నా ముఖం వంక చాలాసేపు చూసింది. అంత ప్రేమగా ఆమె నన్ను చూడటం నా పెళ్లి తర్వాత అదే మొదటిసారేమో.

"నా కోసమని తప్పు నీ నెత్తినేస్కుంటున్నవా తమ్మీ? చిన్నప్పటిసంది గంతే నువ్వు. నన్ను ఎవ్వరు ఏమన్నా ఓర్వవు."

"నిజమే చెప్తున్న అక్కా."

"నీకు అబద్ధమాడుడు చాతగాదు. గా దినం దవాఖానల నీ నోట్లకెల్లి రాంగనే నాకు తెల్సింది, అది నిజమని. పెండ్లి కావల్సిన బిడ్డ ఉన్నది నీకు. గీ మాట ఇంకెక్కడ అనకు."

కాయితం చాపాను. అక్షరం ముక్క రాని దాన్ని, నాకెందుకు అన్నట్టు దాన్ని నా చేతిలోకే మెల్లగా నెట్టి, చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

నిహారిక పక్క గదిలోనే చదువుకుంటోంది. పిలిచి ఆ కాయితం చదివి వినిపించమంటే, బిడ్డ నోటి మాట అక్క నమ్మేది. అది నాకు ఎంత స్పష్టంగా తెలుసో, అక్క నమ్మనందుకు నా గుండెల మీది బరువు దిగినట్టయిందనీ అంతే స్పష్టంగా తెలుసు. చెప్పానన్న పేరు నాకు దక్కింది, పోయింది ఏమీ లేదు.

కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నిహారికను పిలవలేదు.