గొర్రెపిల్లకు తొడిగిన తోలు

మా ఆయన వెర్న్ ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపాడు. నన్ను రెండో పెళ్లి చేసుకుని ఆస్ట్రేలియాలో చార్లెవిల్ అనే ఊరి దగ్గర మా గొర్రెల ఫారానికి వచ్చాక కూడా, ఈనే గొర్రెల దొడ్డి వైపు తొంగి చూడలేదు. నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయట.

అలాంటి మనిషి జ్వరంతో మంచం పట్టాడు. పక్క తడిసేలా చెమటలు, తల పగిలే నొప్పి. పని ఎగ్గొట్టే వేషాలని నాలుగు రోజులు సణిగాను. నా నోరు అలాంటిది, ఏం చేయను? చివరికి డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి క్యూ ఫీవర్ అని తేల్చింది. ఈనిన గొర్రె మాయ నుంచీ ఉమ్మనీటి నుంచీ, అవి ఎండిన దుమ్ము నుంచీ అంటుకుంటుంది. నాకు చిన్నప్పుడే వచ్చి పోయింది. దొడ్డి తొక్కని ఈయనకెలా వచ్చిందో అర్థం కాలేదు.

కడుపుతో ఉన్నవాళ్లకు వస్తే బిడ్డ దక్కకపోవచ్చని కూడా డాక్టరమ్మ చెప్పింది. మా కోడలు టాంసిన్‌కు ఐదో నెల. మూడు వారాల కిందట ఆ పిల్లను దొడ్డిలోకి తోసింది నేనే.

ఒక గొర్రెకు చచ్చిన పిల్ల పుట్టింది. ఇంకో పిల్లకు తల్లి లేదు. చచ్చినదాని తోలు ఒలిచి తల్లి లేనిదానికి చొక్కాలా తొడిగితే, గొర్రె వాసన చూసి తన పిల్లే అనుకుని పాలిస్తుంది. కడుపుతో ఉండి కూడా మేమంతా చేసిన పనే. టౌను పిల్లవు, నీవల్ల ఏమవుతుందిలే అని దెప్పి కత్తి చేతికిచ్చాను. గంట తర్వాత చూస్తే తోలు తొడుక్కున్న పిల్ల పాలు తాగుతోంది. పర్లేదే అని మెచ్చుకున్నాను కూడా.

టాంసిన్‌ను వరండాలో కూర్చోబెట్టి సంగతి చెప్పాను. తప్పు నాదేనని ఏడ్చాను. ఆ పిల్ల తల వంచుకుంది.

"ఆ తోలు నేను ఒలవలేదు అత్తయ్యా. గేటు బయటే నిలబడి ఏడుస్తుంటే మావయ్య చూశాడు. నువ్వు లోపలికి రాకమ్మా, నేను చూసుకుంటానని కత్తి తీసుకున్నాడు. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

అయినా పరీక్ష చేయించాం. నాలుగో రోజు ఫలితం వచ్చింది. తల్లికీ బిడ్డకీ ఏ భయమూ లేదు.

ఆ కబురు చెప్పడానికి వెర్న్ పక్కన కూర్చున్నాను. ఇంత పని చేసి నాకెందుకు చెప్పలేదయ్యా అని అడిగాను.

"మధ్యలో రెండుసార్లు కక్కుకున్నానే," అన్నాడు నీరసంగా నవ్వుతూ. "అది తెలిస్తే నన్ను బతకనిస్తావా?"

ఆయన్ను మెల్లగా లేపి కూర్చోబెట్టి, చెమటకు తడిసిన చొక్కా విప్పి, ఉతికినది తొడిగాను.