పేరు లేని రాయి సమాధి కాదట

ఉలి మామ ఆలస్యంగా వచ్చాడు. మోకాళ్ళు అతని మాట వినడం మానేసి చాలా ఏళ్ళయింది. వచ్చేసరికి, మూతపడ్డ మిల్లు వెనకున్న సమాధుల దొడ్డిలో జనం బ్రష్షులు పట్టుకుని వంగి ఉన్నారు. ప్రతి రాయి మీదా తెల్లటి నురగ బుసబుసమంటోంది.

"ఆపండి! నీళ్ళు పొయ్యండి! ముందు నీళ్ళు!"

బకెట్లతో పరుగులు తీశారు. కానీ అప్పటికే చెయ్యి దాటిపోయింది. సున్నపురాయి మీద యాసిడ్ పడితే మురికితోపాటు రాయీ కరుగుతుంది. ముప్పై ఎనిమిది రాళ్ళు అక్షరం లేకుండా నున్నబడ్డాయి. వాటిలో ఒకటి అతని భార్యది. తను చెక్కిన పేరు కోసం వేళ్ళతో తడిమాడు. ఏమీ తగల్లేదు. రాయి తోమిన కూతురు పక్కనే నిలబడి ఏడుస్తోంది.

"నీ తప్పేముందమ్మా," అన్నాడు.

మర్నాడే సర్వే. అపార్ట్‌మెంట్లు కట్టడానికి ఆ నేల కొన్న కాంట్రాక్టరు అక్కడ సమాధులే లేవని, అవి మిల్లు పారేసిన రాళ్ళని రాసిచ్చాడు. పేరు చదవగలిగితేనే సమాధి, లేకపోతే ఉత్త రాయి అని సర్వే ఆఫీసు నోటీసు అంటించింది. అందుకే జనం రాళ్ళు తోమడానికి దిగారు. తోమే మందు డబ్బాలు మిల్లు కార్మికుల సంఘం పేరిట ఊరికే వచ్చాయి.

సాయంత్రం సంఘం షెడ్డు కిక్కిరిసింది.

"ఆ డబ్బాలు ఎవరు తెచ్చారు?" అంది మగ్గం వదిన. జవాబు ఆమెకీ తెలుసు, అందరికీ తెలుసు.

కార్యదర్శి లేచాడు. "నేనే. మన మిల్లు స్టోరు గుమాస్తా ఇచ్చాడు. రాళ్ళు తోమే మందన్నాడు."

"మన గుమాస్తా! ఇప్పుడెవరి దగ్గర పనిచేస్తున్నాడన్నా?"

కార్యదర్శి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "కాంట్రాక్టరు దగ్గర."

"మరి నీకు ఎన్నో అంతస్తులో ఇల్లిస్తానన్నాడు? గాలి బాగా వస్తుందా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుకి పక్కపక్కనున్నవాళ్ళు కూడా ఎడంగా జరిగారు. వీడితోపాటు ఇంకెవరు? బెంచీ చివర తల దించుకున్నవాడా? తలుపు దగ్గర నిలబడ్డవాడా? ఉలి మామకీ అనుమానం తొలుస్తోంది. కానీ అతని చూపు కార్యదర్శి వెనక్కి పెట్టుకున్న చేతుల మీదే ఉంది.

"ఆ చేతులు ఇలా చూపించవోయ్."

వేళ్ళు ఎర్రగా కమిలి, తోలు లేచిపోయి ఉన్నాయి.

"మొదటి డబ్బా ఎవరి రాయి మీద పోశావు?"

"మా నాన్న రాయి మీద, మామా."

ఉలి మామ జనం వైపు తిరిగాడు. "యాసిడ్ అని తెలిసినవాడెవడూ ఉత్త చేతులు ముంచడు. వీడు మోసపోయాడు, మోసం చెయ్యలేదు. మనం ఒకళ్ళనొకళ్ళు పీక్కుతింటుంటే వాడు హాయిగా నిద్రపోతాడు."

మగ్గం వదిన వెళ్ళి తడిగుడ్డ తెచ్చి కార్యదర్శి చేతులకు చుట్టింది.

"బతికినన్నాళ్ళూ హాజరు పట్టీలో మనం నంబర్లమే," అన్నాడు కార్యదర్శి. "బాయిలరు పేలి చచ్చాక దక్కింది పేరు. అదీ నా చేత్తోనే చెరిపించాడు."

"మళ్ళీ చెక్కు మామా," అన్నారెవరో.

"కొత్త గీత తెల్లగా పళ్ళికిలిస్తుంది. నిన్న పుట్టించిన పేర్లంటారు." ఉలి మామ నేలకేసి చూపించాడు. "పేర్లు ఇంకోచోట ఉన్నాయి."

రాళ్ళన్నీ ఒకే కొలతలో కోస్తారు. ఏది ఎవరిదో తారుమారు కాకుండా, నేలలో పాతే అడుగు భాగం మీద ముందు పేరు గీసుకుంటారు. ఆ తర్వాతే పైన చెక్కుతారు. అది రాతిపనివాళ్ళ అలవాటు. పేరు మట్టిలో ఉందంటే ఇంటివాళ్ళు నొచ్చుకుంటారని ఎవరూ బయటపెట్టరు.

"అంటే తవ్వాలా?" అంది ఒక ముసలమ్మ. "మనవాళ్ళ తల దగ్గర మనమే తవ్వితే వాడికీ మనకీ తేడా ఏముంది నాయనా?"

"మొదట మా ఆవిడ దగ్గర తవ్వుతాను. చూసి, మనసొప్పితేనే మీరు తవ్వండి."

గునపం ముట్టుకోలేదు. తాపీతో, చేతులతో జానెడు లోతు మట్టి తీశాడు. వంకర టింకరగా నాలుగక్షరాలు బయటపడ్డాయి. అవి గీసిన రోజు అతని చెయ్యి వణికింది. ముసలమ్మ వంగి, కొంగుతో వాటిని తుడిచింది.

"మా ఆయనది ఆ చివర," అంది. "మెల్లగా తవ్వండి."

తెల్లారేసరికి ముప్పై ఎనిమిది పేర్లూ వెలుతురు చూశాయి.

సర్వే అధికారితోపాటు కాంట్రాక్టరూ, పోలీసులూ వచ్చారు. వెనకాల పొక్లెయినరు గుర్రుమంటోంది. అధికారి వంగి ఒక్కొక్క పేరూ చదవసాగాడు. కాంట్రాక్టరు మొహం మాడిపోయింది.

"ఇన్‌స్పెక్టరు గారూ, చూశారా ఘోరం? సమాధులు తవ్వేశారు! అందర్నీ అరెస్టు చెయ్యండి!"

"ఎవరు తవ్వారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను," అన్నాడు ఉలి మామ.

"నేనూ తవ్వాను," అంది ముసలమ్మ. "మేమందరం తవ్వాం," అంది దొడ్డంతా.

కార్యదర్శి కట్టు కట్టిన చేతులు ముందుకు చాచాడు. "రాయండి సార్. ఆయన చెప్పింది చెప్పినట్టే రాయండి. ముప్పై ఎనిమిది సమాధులు తవ్వాం. ఏది ఎవరి సమాధో విడివిడిగా రాయండి."

ఇన్‌స్పెక్టరు కలం ఆగిపోయింది. సర్వే అధికారి తలెత్తి కాంట్రాక్టరును చూశాడు.

"పోనీలెండి సార్," అన్నాడు కాంట్రాక్టరు, నుదురు తుడుచుకుంటూ. "పేదవాళ్ళు, తెలియక చేశారు. వదిలెయ్యండి."

"వదలడానికి వీల్లేదు!" మగ్గం వదిన దారికడ్డంగా పోలీసు వ్యాను ముందు కూర్చుంది. "ఫిర్యాదు చేసింది నువ్వే. కేసు పెట్టించు!"

"కేసు రాయాలి! కేసు రాయాలి!"

జనం వ్యాను ముందు వరస కట్టారు. పొక్లెయినరు డ్రైవరు కాసేపు చూసి ఇంజను ఆపేశాడు. వరసలో మొదట ఉలి మామ నిలబడ్డాడు. గత్యంతరం లేక ఇన్‌స్పెక్టరు కాగితం తీశాడు.

"నీ పేరు చెప్పు."

"నాది తర్వాత రాసుకోండి సార్. ముందు మా ఆవిడ పేరు రాయండి."