రాయి తొలిచేచోటు

"ఇంట్లో దుమ్ము తుడవడానికి ఈలవదు గానీ, గనుల్లో దుమ్ము తూకమేత్తాదట మా కోడలు" అంది మా అత్త జోగమ్మ, పక్కింటి కాంతంతో. నేను కిటికీ ఊచలు తడిగుడ్డతో తుడుస్తున్నాను. గాజువాకలో గాలి కొంచెం తిరిగితే చాలు, పొద్దున్న తుడిచిన ఊచ మధ్యాహ్నానికి వేలికి నల్లగా అంటుతుంది. ఆవిడ మాటకి నాకు కోపం రాలేదు. నా ఉద్యోగం గురించి మా ఇంట్లో అంత సరిగ్గా చెప్పినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. మా ఆయన దేవీప్రసాద్ స్టీల్‌ప్లాంట్ స్నేహితుల దగ్గర "మా ఆవిడ ల్యాబులో ఏదో టెస్టింగు" అని చెయ్యి గాల్లో ఊపి ఊరుకునేవాడు.

నేను చేసేది నిజంగానే దుమ్ము తూచడం. గనుల్లో పనిచేసేవాళ్ళు ఎలాంటి గాలి పీలుస్తున్నారో చూసే ప్రభుత్వ పరిశోధనశాల మాది. గని కార్మికుడి నడుముకి చిన్న పంపు కడతారు, గొట్టం చివర గుండ్రటి ఫిల్టర్ కాగితం కాలరు దగ్గర ఉంటుంది. షిఫ్టంతా అతను పీల్చిన దుమ్ము ఆ కాగితం మీద పడుతుంది. అది నా బల్ల మీదకి వస్తే తూచి, అందులో ఏముందో తేలుస్తాను. పదహారేళ్ళుగా ఆ కాగితాలు తూస్తున్నాను గానీ, ఒక్కసారీ గనిలోకి దిగలేదు. మొదట్లో ఆడవాళ్ళు భూమి లోపల పనిచెయ్యకూడదని చట్టమే ఉండేది. తర్వాత ఆ నిబంధన మారింది, మా ఆఫీసులో మాత్రం ఏమీ మారలేదు. రెండుసార్లు అడిగాను. మా డైరెక్టరు అర్జునరావు గారు రెండుసార్లూ "చూద్దాం మేడం" అన్నారు.

పోయిన ఏడాది విజయనగరం వైపు ఒక మాంగనీసు గని నుంచి కాగితాలు వచ్చాయి. అక్కడి కార్మికులు దగ్గు, ఆయాసం అని ఫిర్యాదు చేస్తే మా ల్యాబు వెంకటేష్ వెళ్ళి నమూనాలు తెచ్చాడు. కవరు విప్పగానే నాకు తేడా తెలిసింది. మాంగనీసు ఖనిజం నల్లగా ఉంటుంది. తొలిచేచోట షిఫ్టంతా ఉన్న కాగితం మసిగుడ్డలా రావాలి. ఇవి ఉతికిన పంచెల్లా తెల్లగా ఉన్నాయి. వెంకటేష్‌ని అడిగితే అతను దాచలేదు. తొలిచేచోట ఊపిరాడలేదని, గనివాళ్ళు చూపించినచోట, బయటిగాలి వచ్చే దారిలో, పంపులు వేలాడదీశానని చెప్పాడు. "అందరూ అంతే చేస్తారు మేడం, మీరు దిగలేదు గాబట్టి మీకు తెలీదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే నాకు గుచ్చుకుంది. నేను దిగకుండా ఆపినవాళ్ళే, దిగలేదు కాబట్టి నీకు తెలీదు అంటున్నారు. సాయంత్రం బస్సులో నిలబడి అదే తిప్పి తిప్పి ఆలోచించాను. వంటింట్లో కూడా ఇంతే కదా, బయటి సంగతులు నీకేం తెలుసంటారు, బయటికెళ్ళొస్తే కూరలో ఉప్పెందుకు తగ్గిందంటారు.

మర్నాడు అర్జునరావు గారి దగ్గరికెళ్ళి, నమూనాలు మళ్ళీ తియ్యాలి, నేనే దిగుతాను అన్నాను. ఒక్క ఆడమనిషిని పంపకూడదు, కనీసం ముగ్గురుండాలి అన్నారు. నాతోపాటు మా ప్రాజెక్టులో పనిచేసే నిఖిత ఉంది, ఆ గనిలోనే సర్వేయరుగా చేరిన దేవిశ్రీ ఉంది, ముగ్గురమయ్యాం అన్నాను. ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకుని, అయితే మీ వారి దగ్గర అభ్యంతరం లేదని ఒక ఉత్తరం తెచ్చుకోండి, రేపేదన్నా అయితే మామీదికి వస్తుంది అన్నారు.

"నిబంధనలో ఆమె రాతపూర్వక అంగీకారం అని ఉంది సార్. ఆయన దిగడం లేదు, నేను దిగుతున్నాను."

అక్కడే, ఆయన బల్ల మీదే, అంగీకారం రాసి సంతకం పెట్టాను.

ఇంట్లో చెప్పినప్పుడు దేవీప్రసాద్ వద్దనలేదు. ఆయన ఎప్పుడూ వద్దనడు. "వెళ్ళు గానీ, అమ్మ భోజనం ఎలాగ? నీ వయసుకి ఇప్పుడు అవసరమా ఇది?" అన్నాడు. అత్తకి ఈమధ్య చెయ్యి వణుకుతోంది, గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలుకుతున్నాయి, నడకలో అడుగు సరిగ్గా పడడం లేదు. వయసు అని ఆయనా, ఆవిడా కూడా తీసిపారేశారు. నలభై మూడేళ్ళ నా వయసు ఒక రకంగా అడ్డొచ్చింది, ఆవిడ వయసు ఇంకో రకంగా పనికొచ్చింది. నాలుగు రోజులకి చపాతీలు, పప్పు ఎలా చేసుకోవాలో చెప్పాను. కాగితం మీద రాసిపెట్టమన్నాడు. రాయలేదు.

గని దగ్గర ఆడవాళ్ళ కాలికి సరిపోయే బూట్లు లేవు. ఎనిమిదో నంబరు బూట్లలో రెండు జతల మేజోళ్ళు వేసుకున్నాను. లోపల మరుగుదొడ్డి లేదని నిఖిత, నేను పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. ఇవి రిపోర్టులో రాసేవి కావనుకున్నాను, తర్వాత రాశాను. వాలుగా దిగే సొరంగంలో దేవిశ్రీ ముందు నడుస్తుంటే, గాలి వచ్చే దారి వరకూ నిజంగా హాయిగానే ఉంది. వెంకటేష్ పంపులు కట్టిన మేకు నాకు చూపించింది. అక్కడినుంచి ఇంకో మూడువందల అడుగులు వంగి నడిస్తే రాయి తొలిచేచోటు. డ్రిల్లు మొదలయ్యాక నా టోపీదీపం వెలుగు చెయ్యి చాచినంత దూరం కూడా పోలేదు. తాతబాబు అనే డ్రిల్లరు నడుముకి నా చేత్తో పంపు కట్టాను. ఆయన ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. "ఇక్కడిదాకా ఎవులూ రాలేదమ్మా" అన్నాడు, అంతే. నాకు భయం వేసింది, అబద్ధం చెప్పను. కానీ పదహారేళ్ళుగా తెల్లకోటు వేసుకుని తూచిన ప్రతి మిల్లీగ్రామూ ఎవరి ఛాతీలోంచి తప్పించుకొచ్చిందో ఆ రోజే చూశాను. ఇక్కడ నిలబడాల్సింది నేనే అనిపించింది. మూడు షిఫ్టులు, మూడు రోజులు నిలబడ్డాను.

ఇంటికి రాగానే దేవీప్రసాద్ ఆ బట్టలు వాషింగ్ మెషిన్లో వెయ్యొద్దన్నాడు. పెరట్లో బకెట్లో నానబెడుతుంటే అత్త గోడ పట్టుకుని వచ్చింది. నా చొక్కా తీసి వాసన చూసింది. వేలితో రుద్ది, గోరు కింద దిగిన నలుపు చూసుకుంది.

"మేంగనీసు" అంది.

నేను ఆ మాట ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. గని అన్నానంతే. అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పుకొచ్చింది. భర్త పోయాక పద్మనాభంలో ఉన్న ఎకరం కౌలుకిచ్చి, కొడుకుని అక్కడే తోడికోడలి దగ్గర వదిలి, పుట్టినూరు పక్కనున్న గనికి పోయిందట. పైకి వచ్చిన రాయిని సుత్తితో కొట్టి, మంచి ఖనిజం చేత్తో ఏరి తట్టకెత్తేవాళ్ళట, అందరూ ఆడవాళ్ళే. మా ఆయన చదువయ్యి స్టీల్‌ప్లాంట్లో ఉద్యోగం వచ్చేదాకా అదే పని. మా పెళ్ళిచూపుల్లో మాత్రం మాది వ్యవసాయ కుటుంబం, అమ్మ ఇంటిపట్టునే ఉండేది అని చెప్పారు.

"ఆడే సెప్పొద్దన్నాడమ్మీ. సిగ్గట" అంది. కోపంగా అనలేదు. ఆవిడ చేతిలో నా తడిచొక్కా వణుకుతోంది. మాంగనీసు దుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే నరాలకి ఎక్కుతుందని, చెయ్యి వణుకుతుందని, అడుగు తడబడుతుందని చదివినదాన్ని నేను. ఆ లక్షణాలు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆవిడ కంచం ముందు ఒలికిన నీళ్ళు రెండేళ్ళుగా తుడుస్తూ వయసేలే అనుకున్నాను.

కొత్త కాగితాలు తూస్తే, ఉండాల్సిన హద్దుకి ఐదు రెట్లు దుమ్ము తేలింది. అర్జునరావు గారు చాలాసేపు చూసి, పాతవీ కొత్తవీ కలిపి సగటు తీసి పంపుదాం, ఎవరికీ ఇబ్బంది ఉండదు అన్నారు.

"బయట్నుంచి వచ్చే గాలి, తొలిచేచోటి గాలి కలిపితే అది ఎవరు పీల్చిన గాలి సార్?" అన్నాను. "సగటు పంపాలంటే నా సంతకం లేకుండా పంపండి."

నా సంతకం లేకుండా ఆ రిపోర్టు చెల్లదు. ఇన్నేళ్ళూ అది ఒక చాకిరీ అనుకున్నాను, అధికారం అని ఆ పూటే తెలిసింది. రెండు లెక్కలూ విడివిడిగా, ఏది ఎక్కడ తీశామో రాసి పంపాం. నెల తిరక్కుండా ఆ గనిలో తొలిచేపని ఆపించారు, డ్రిల్లుకి నీటిగొట్టం పెట్టాకే మళ్ళీ మొదలెట్టనిచ్చారు. వెంకటేష్ నా గదికొచ్చి, వచ్చేసారి తనూ వస్తానన్నాడు. రమ్మన్నాను.

ఆ తర్వాతి వారం అత్తని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చేతులు చూసి, నడిపించి, ఇంతకుముందు ఏం పని చేసేవారు అని అడిగాడు. దేవీప్రసాద్ వెంటనే ఇంటిపనే డాక్టరుగారూ అన్నాడు. నేను నోరు తెరవబోయి ఆగాను. అది నేను చెప్పాల్సింది కాదు.

"గన్లో పని బాబూ" అంది అత్త. "మేంగనీసు ఏరినాను. పద్నాలుగేల్లు. ఈడు పుస్తకాలు, బట్టలు అన్నీ దాంతోనే."

డాక్టరు రాసింది కొట్టేసి మళ్ళీ రాసుకున్నాడు. దానివల్లో కాదో ఇప్పుడే చెప్పలేను, కానీ ఇది తెలియకపోతే అసలు వెతికేవాణ్ణే కాదు అన్నాడు. లేచేటప్పుడు దేవీప్రసాదే తల్లి చెప్పులు తీసి కాళ్ళ దగ్గర పెట్టాడు.

ఆటోలో అత్త నా మోచెయ్యి పట్టుకుంది. తనతో కలిసి ఏరినవాళ్ళు ఇంకా ముగ్గురు బతికున్నారని, ఒకామె చెంచా కూడా పట్టలేకపోతోందని, వాళ్ళ కూతుళ్ళు ఇప్పుడు అదే కుప్పల దగ్గర ఏరుతున్నారని చెప్పింది. ఆ పంపులూ కాగితాలూ గని లోపలివాళ్ళకేనా, పైన ఏరేవాళ్ళకి కట్టరా అని అడిగింది. ఆ ప్రశ్న పదహారేళ్ళలో మా ల్యాబులో ఎవరూ అడగలేదు, నేను కూడా. ఆడవాళ్ళు పైనే ఉంటారు, పైన గాలి బాగానే ఉంటుంది అనుకున్నాం.

సోమవారం పొద్దున్న పర్యటన కాగితంలో 'గని బయట, ఖనిజం ఏరే ఆడవాళ్ళు, ముప్పై నమూనాలు' అని రాశాను. పైన 'అనుమతి కోసం' అని అచ్చువేసి ఉన్న మాట కొట్టేసి, 'మీ సమాచారం కోసం' అని రాసి, అర్జునరావు గారి బల్ల మీద పెట్టి, పంపులు ఛార్జింగు పెట్టడానికి వెళ్ళాను.