బోణీకి పోయిన పంపు

పందెం కార్ల టీములో మెకానిక్ ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసినప్పటినుంచి వేలుచ్చామికి కుదురు లేదు. ఇరవై ఏళ్లుగా లేతు మీద బావి మోటార్ల బుష్‌లు తిప్పిన చేతులతో పిస్టన్లు చేసి, ఒక పాత చిన్న కారుకు, ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో తోసే టర్బో బిగించాడు. మిగతా సామాను చెన్నిమలైది. కోయంబత్తూరు ఉక్కడంలో అతనికి పాత స్పేర్ పార్టుల అంగడి ఉంది. టీము మేనేజరు కుముదవల్లి పెట్టిన షరతు ఒకటే: చెట్టిపాళయం ట్రాకు మీద, టర్బో పూర్తి ఒత్తిడితో, ఆగకుండా పది చుట్లు.

ఏడో చుట్టులో కారు దగ్గడం మొదలుపెట్టింది. వేలుచ్చామి పక్కకు తెచ్చి ప్లగ్గులు విప్పాడు. సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి.

"పెట్రోలు చాలక ఇంజను కాగిపోతోందన్నా. ట్యాంకులో పంపు కొత్తదే కదా?"

"కొత్తదే. నీకు పాతది పెడతానా?" అన్నాడు చెన్నిమలై.

పెట్టాడు. కొత్తది తెప్పించిన మాట నిజమే. శుక్రవారం పొద్దున షట్టరు ఎత్తగానే వచ్చిన మొదటి బేరగాడు సరిగ్గా అదే అడిగాడు. ఉక్కడంలో బోణీ బేరాన్ని ఎవరూ వెనక్కి పంపరు. పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవడమే. చెన్నిమలై అది ఇచ్చేసి, గుట్టలోంచి పాతదొకటి తీసి కిరసనాయిలుతో కడిగాడు. బకెట్లో పెట్టి చూస్తే ధార బాగానే వచ్చింది. టర్బో ఒత్తిడికి ఎదురు తోయడం వేరని అతనికి తెలుసు. పది చుట్లకు చాలకపోతుందా అని లెక్కవేసుకున్నాడు.

"అయితే లోపం నా పనిలోనే ఉంది," అన్నాడు వేలుచ్చామి. గొట్టాల అతుకుల మీద సబ్బునీళ్లు పోశాడు. ఒక్క బుడగ రాలేదు. ఫిల్టరు మార్చాడు. ప్లగ్గుల సందు తగ్గించాడు.

"ఒత్తిడి కాస్త తగ్గించి తిప్పరాదా?"

"మెల్లగా పోవడానికి అత్తారింటికి పోతున్నానా? తగ్గిస్తే ఆమె చూడటానికి ఏముందన్నా?"

మళ్లీ ఒకటినుంచి లెక్క. నాలుగో చుట్టులో వెనకనుంచి నీలిపొగ ఎగజిమ్మింది. ప్లగ్గు రంధ్రంలోకి లైటు వేసి కుముదవల్లి వంగి చూసింది.

"పిస్టన్ కరిగి బొక్క పడింది. ఎవరు చేశారు?"

"నేనే మేడమ్."

"రేపు మా పందెం కారులో మనిషిని కూర్చోబెట్టాలి. మీ లేతు పనిని నమ్మి కూర్చోబెట్టమంటారా?"

"తప్పు నాదే మేడమ్."

పంపు అన్న ఒక్క మాట చెన్నిమలై నోటిదాకా వచ్చింది. ఆ మాట అనేస్తే వేలుచ్చామికి ఉద్యోగం దక్కుతుంది. పాతది కడిగి కొత్తదని అంటగట్టాడని సాయంత్రానికి ఉక్కడమంతా చెప్పుకుంటుంది. ఏది ఎక్కువ బరువో అతను తూచుకుంటుండగానే ఆమె ఎక్కిన కారు గేటు దాటింది.

చెడిన బండికి తాడు కట్టి ఈడ్చుకొస్తూ దారిలో టీకొట్టు దగ్గర ఆగారు.

"నీ సామానంతా బూడిద చేశానన్నా. ఏమీ అనుకోకు," అన్నాడు వేలుచ్చామి. "రేపట్నుంచి మళ్లీ బుష్‌లే."

చెన్నిమలై గ్లాసులోకే చూస్తూ చివరి చుక్కదాకా తాగి, జేబులో చెయ్యి పెట్టాడు.

"ఉండన్నా, నావల్ల ఇప్పటికే నీకు చాలా పోయింది," అంటూ టీ డబ్బులు వేలుచ్చామే తీశాడు.

చెన్నిమలై వద్దనలేదు.